ఎవరికీ కాని నంబరు

ఆ ఉదయం సీతమ్మధారలోని ఆ ఇంట్లో గొడవ పోపుల పెట్టె దగ్గర మొదలైంది.

గుండ్రటి స్టీలు పెట్టె. చుట్టూ ఉన్న గిన్నెల్లో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిరపకాయలు. మధ్య గిన్నె ఎప్పుడూ ఖాళీ. పెళ్ళై వచ్చి తొమ్మిదేళ్ళైనా ఆ ఖాళీ ఎందుకని నీలిమ అత్తగారిని అడగలేదు. అడగకుండానే నిన్న సాయంత్రం అందులో వాము పోసింది.

"ఇందులో వాము ఎవలు పోసినారు?" అంది నారాయణమ్మ మూత పట్టుకుని.

"నేనే అత్తయ్యా. ఖాళీగా ఉంది కదా అని."

"ఖాళీగా ఉందని కాదమ్మా. ఖాళీగా ఉంచినాను."

"ఖాళీగా ఉండడానికి గిన్నె ఎందుకు అత్తయ్యా?"

ఈ ప్రశ్న నిజంగా తెలుసుకోవాలని అడిగి ఉంటే జవాబు వచ్చేదే. కానీ నీలిమ లాప్‌టాప్ ఛార్జరు వెతుక్కుంటూ, వెనక్కి తిరగకుండా అడిగింది. నారాయణమ్మ మూత పెట్టేసింది. పెట్టిన చప్పుడు హాల్లో పేపరు చదువుతున్న గురునాథరావుకి కూడా వినిపించింది. ఆయన ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఏ చప్పుడు దేనికి సూచనో తెలుసు కనుక పేపరును ఇంకాస్త ఎత్తి పట్టుకున్నాడు.

మామూలు రోజైతే గొడవ అక్కడితో ఆగేది. ఆ రోజు మామూలుది కాదు. పదకొండు గంటలకి అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటు కృష్ణంరాజు, నీలిమ కంపెనీ వాళ్ళ స్పీకర్లను పరీక్షించడానికి వస్తానన్నాడు. కూతురు పుట్టాక ఉద్యోగం మానేసిన నీలిమకి మళ్ళీ ఈ మధ్యే ఒకటి దొరికింది. రుషికొండ వైపు ఒక చిన్న కంపెనీ. తుఫాను హెచ్చరికలు, నీళ్ళ ట్యాంకరు కబుర్లు, లిఫ్టు ఆగిపోయిన వార్తలు ప్రతి ఇంటి హాల్లోకీ ఒకేసారి వినిపించే డబ్బాలు తయారుచేస్తుంది. తన అపార్ట్‌మెంటు వాళ్ళు ఒప్పుకుంటే అదే మొదటి బేరం, ఆమె ఉద్యోగమూ ఖాయం. ఒప్పుకోకపోతే ఈ నెలాఖరుతో సరి. మేనేజరు మర్యాదగానే చెప్పాడు, అర్థం మాత్రం అదే. డబ్బాలు నిన్ననే అన్ని ఫ్లాట్లలోనూ బిగించారు.

భోజనాల బల్ల మీద మైకు, లాప్‌టాప్ పెట్టుకుని నీలిమ కూర్చుంది. గురునాథరావు పేపరు మడిచి పక్కకొచ్చాడు.

"ఇది ఎవలింటికి వెళ్ళాలో దానికి ఎలగ తెలుస్తాదమ్మా?"

"ఒక్కో డబ్బాకీ ఒక నంబరు ఉంటుంది మావయ్యా, మన ఫ్లాటు నంబరులాగే. కొన్ని నంబర్లు మాత్రం ఏ ఇంటివీ కావు. ఒకటి 'నాకు నేనే' అన్నది. ఇంకోటి 'అందరికీ'. అన్ని అంకెలు గుర్తుండవు కదా, అందుకని వాటికి పేర్లు పెట్టి ఒకచోట రాసి ఉంచుతాం. దాన్నే లైబ్రరీ అంటాం. ఒకరు రాసిపెడితే పదిమందీ వాడుకుంటారు."

"పేర్లు పెట్టడమేనా నీ ఉజ్జోగం?"

"ఇంచుమించు అంతే. పాతవాళ్ళు పెట్టిన పేర్లు కనిపెట్టుకుని ఉండడం."

"మరి ఎవలికీ పంపొద్దనుకుంటే?"

"దానికీ పేరుంది. 'ఎవరికీ కాదు'."

"ఎవలికీ కాపోతే పంపడం దేనికమ్మా?"

నీలిమ నవ్వింది. అది సరైన ప్రశ్న అని ఆమెకు మరో రెండు గంటల తర్వాత గాని తెలియలేదు. అప్పటికి మాత్రం ఆమెకు కావలసింది అదే పేరు. మైకు గొంతును సరిగ్గా అందుకుంటోందో లేదో చూసుకోవాలి. 'నాకు నేనే' అని పెడితే మాట తమ హాల్లోనే మళ్ళీ మోగి మైకు ఊళ వేస్తుంది. 'ఎవరికీ కాదు' అని పెడితే మాట ఎక్కడికీ పోదు, తెర మీద గీత మాత్రం కదులుతుంది. అలాగే పెట్టి, మైకు ఆన్ చేసి, పాపను బడి ఆటో ఎక్కించడానికి కిందికి వెళ్ళింది.

నారాయణమ్మ చిక్కుడుకాయల పళ్ళెంతో వచ్చి సరిగ్గా మైకు ముందు కూర్చుంది.

"సూసినారా? ముప్పై ఏళ్ళనుంచి ఖాళీగా ఉంచిన గిన్నెలో వాము పోసీసింది. పోసింది సరే, ఒక మాట అడగాల? 'ఖాళీ గిన్నె ఎందుకు' అంతాది. నాను ఏటి సెప్పను?"

"గిన్నె కోసమేటి గాని, ఇంకోటి కొనుక్కో," అన్నాడు గురునాథరావు.

"ఇంకోటి ఆ పెట్టెలో పడతాదా? మీకు ఏటి తెల్దు. నాకు ఆ ఖాళీ గిన్నె కావాల. అంతే."

గీత పైకీ కిందికీ చక్కగా కదిలింది.

కాసేపటికి తలుపు చప్పుడైంది. పై అంతస్తు సూర్యకళ. చేతిలో చిన్న స్టీలు గిన్నె, తళతళలాడుతోంది.

"పిన్నీ, మా ఇంట్లో ఊరికే పడుంది. మీకు పనికొస్తాదని."

నారాయణమ్మ తీసుకుంది. ఎందుకిస్తోందో అర్థం కాలేదు. తలుపు వేసేలోగా ఎదురు ఫ్లాటు గౌరీశ్వరి వచ్చింది. ఆమె చేతిలోనూ గిన్నే, కాస్త పెద్దది.

"ఖాళీదేనండీ. కడిగే తెచ్చాను. కోడలితో మాటలెందుకు, ఇంత చిన్నదానికి."

మెట్లెక్కి వస్తున్న నీలిమ చివరి మాట విని ఆగిపోయింది. గౌరీశ్వరి ఆమె భుజం తట్టి, "చిన్నపిల్లవి, నువ్వే సర్దుకోవాలి," అని వెళ్ళిపోయింది.

లోపల బల్ల మీద రెండు ఖాళీ గిన్నెలు. అత్తాకోడళ్ళు వాటిని చూశారు, తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు.

"కిందికెళ్ళి అందరికీ సెప్పొచ్చినావా అమ్మా?" అంది నారాయణమ్మ మెల్లగా.

"నేనా? నేను ఆటో దగ్గర నిలబడ్డాను అత్తయ్యా. మీరే ఫోన్లో ఎవరితోనైనా అన్నారేమో."

"నానా?" నారాయణమ్మ చిక్కుడుకాయ పళ్ళెంలో పడేసింది. "నాను ఒక మాట బయట పెట్టీ మనిసినా? చిట్టమ్మ పోయిన వారం ఐసులో పెట్టిన సేపలు తాజావని అమ్మింది. ఎవలికైనా సెప్పానా? కృష్ణంరాజుగారు మోటారెయ్యగానే ముందు తనవైపు ట్యాంకు వాల్వు తిప్పుకుంతారు. నా కళ్ళతో సూసాను. ఎవలికైనా సెప్పానా? సూర్యకళ మొగుడు..."

"అబ్బ, ఊరుకోవే," అన్నాడు గురునాథరావు. "ఈ ఇంట్లో ఎవలూ ఏటీ బయట సెప్పరు. నాను మాత్రం సెప్పానా? వాకింగని పోయి కంచరపాలెంలో బజ్జీలు తింతన్నానని నీకే సెప్పనేదు."

తెర మీద గీత చదునుగా పడుకుంది.

"ఏటన్నారు?" అంది నారాయణమ్మ.

ఆయన అదృష్టం కొద్దీ అప్పుడే తలుపు దబదబా మోగింది. చేపల చిట్టమ్మ. తట్ట కిందికి దించకుండానే మొదలుపెట్టింది.

"నారాయణమ్మగోరూ! నాను ఐసు సేపలు అమ్మినానా? తెల్లారగట్ట జెట్టీకాడ ఏలం పాటలో నిలబడి, నలుగురితో తగూలాడి తెత్తన్నాను! సూడండి, ఈ కళ్ళు సూడండి, ఐసు సేప కళ్ళు ఇలగ ఉంతాయా?" అని ఒక పెద్ద వంజరాన్ని తోక పట్టుకుని నారాయణమ్మ ముఖం దగ్గరికి తెచ్చింది. చేప నిజంగానే తేటగా చూస్తోంది.

"ఓలమ్మా, నీకెవలు సెప్పినారే?"

"ఎవలు సెప్పేదేటి? రెండో అంతస్తులో సేప కోత్తన్నాను. గోడలోంచి మీ గొంతే పలికింది!"

గోడలోంచి అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. కోపంలో ఉన్న మనిషి ఏదో అంటుందనుకున్నారు. తన మాట ఎలా పాకిందో సూర్యకళ ఇంట్లోనే తేలుతుందని నిశ్చయించుకుని నారాయణమ్మ చెప్పులేసుకుంది. "ఆ పిల్లే వచ్చింది మొదట. దానికెవలు మోసారో అడిగొస్తాను." చిట్టమ్మ సాక్షిగా వెంట వెళ్ళింది. భార్య తిరిగొచ్చేలోగా బజ్జీల విషయం చల్లారాలని గురునాథరావు పెరుగు ప్యాకెట్ల వంకతో బయటపడ్డాడు.

ఇల్లు ఖాళీ అయింది. నీలిమ గడియారం చూసి కుర్చీలో కూలబడి భర్తకి ఫోను చేసింది. గుణశేఖర్‌ది పోర్టులో ఉదయం షిఫ్టు. వెనక కంటెయినర్లు దించే మోతలో అతని మాట సగమే వినిపిస్తుంది, అందుకని ఆమె గట్టిగా మాట్లాడుతుంది.

పైన సూర్యకళ హాల్లో, తలుపు దగ్గరి డబ్బాలోంచి ఆ గొంతు ఖంగుమంది.

"ఏవండీ, పోపుల పెట్టె గొడవ వీధినపడింది. మీ అమ్మగారు నేనే చెప్పాననుకుంటున్నారు."

నారాయణమ్మ అడగబోతున్న ప్రశ్న నోట్లోనే ఆగిపోయింది. సూర్యకళ గాభరాగా డబ్బా వైరు మీద చెయ్యి వేసింది. "ఇదీ పిన్నీ, పొద్దున్నుంచి ఇలాగే. పరీక్ష చేస్తన్నారేమో అనుకున్నాం. తీసీమంటారా?"

"ఉండనీ," అంది నారాయణమ్మ.

"...కోపం రాలేదంటే అబద్ధం. తొమ్మిదేళ్ళుగా అక్కడే వండుతున్నాను, గుప్పెడు వాము పోసుకోడానికి నాకొక చోటు లేదా అనిపించింది." సూర్యకళ వైరు మీంచి చెయ్యి తీసింది. "అది కాదండీ అసలు సంగతి. ఇవాళ ఇది చెడితే ఉద్యోగం పోతుంది. పోతే అత్తయ్య తిడతారని కాదు. ఏమీ అనరు. 'పోన్లేమ్మా, ఇంట్లో లోటేటి' అంటారు, ప్రేమగానే అంటారు. నేనూ సరే అనేస్తాను. ఇంక మళ్ళీ వెళ్ళే ధైర్యం రాదు నాకు. అదీ భయం. ఈ మాట ఎవరికీ చెప్పకండి."

చిట్టమ్మ తట్ట అంచును చీరకొంగుతో తుడుస్తూ కూర్చుంది. సూర్యకళ వంటింట్లో ఏదో మాడుతున్నట్టు లోపలికి వెళ్ళింది. ఏమీ మాడడం లేదు.

నారాయణమ్మ కిందికి వచ్చేసరికి నీలిమ ఫోను పెట్టేసి ఉంది.

"నీలిమా, నువ్విప్పుడు సేకరుతో మాటాడింది పైన వినబడ్డాదమ్మా."

"ఏది?"

"అంతా."

నీలిమ చూపు మైకు మీదికి, అక్కడినుంచి తెర మీద ఆడుతున్న గీత మీదికి వెళ్ళింది. "కాదే. 'ఎవరికీ కాదు' అనే కదా పెట్టాను," అంది. ఆ మాట కూడా అన్ని ఇళ్ళలోనూ వినిపించింది. మైకు ఆపి, లైబ్రరీ తెరిచి, పేర్లు రాసిన చోటికి వెళ్ళింది. 'అందరికీ' అన్న పేరు పక్కన 255.255.255.255. రెండు వరసల కింద 'ఎవరికీ కాదు'. దాని పక్కనా అదే అంకె.

ఎప్పుడో, ఎవరో, ఎవరికీ పంపని దానికి వేరే చోటెందుకని అనుకున్నారు. ఎవరూ వాడరు కదా అని ఉన్న గిన్నెలోనే పోశారు. 'అందరికీ' పంపేటప్పుడు మాట్లాడేవాళ్ళ ఇంట్లో ఊళ వినిపించకూడదని ఆ ఇంటి డబ్బాను మాత్రం మూగగా ఉంచారు. అందుకే ఊరంతా విన్నది తమకొక్కరికే వినిపించలేదు.

నీలిమ తల తిప్పి వంటింట్లోని పోపుల పెట్టె వైపు చూసింది.

"అత్తయ్యా, ఆ మధ్య గిన్నె ఎందుకు?" అంది. ఈసారి వెనక్కి తిరిగి, ఆవిడ ముఖంలోకి చూస్తూ అడిగింది.

"ఎందుకేటమ్మా. పోపు పెట్టేముందు ఆ పూటకి కావలిసినవన్నీ అందులోకి తీసుకుంతాను. నూనె కాగినాక గిన్నెగిన్నెలో ఏలెట్టి ఎతికితే ఆవాలు మాడిపోవా? అది ఏటీ లేని గిన్నె కాదు. రాబోయేదానికి అట్టేపెట్టిన గిన్నె. అందులో ఏదో ఒకటి పోసీసేవనుకో, మిగతా అన్నీ దాన్లో కలిసిపోతాయి."

"కలిసిపోయాయి," అంది నీలిమ తెర చూస్తూ.

కృష్ణంరాజు పదకొండుకి ముందే వచ్చాడు. వెనకే సూర్యకళ, గౌరీశ్వరి, ఏం జరుగుతుందో చూడాలని ఇంకో ఇద్దరు. పెరుగు ప్యాకెట్లతో గురునాథరావు కూడా వాళ్ళ మధ్యనుంచే ఇంట్లోకి జొరబడ్డాడు.

"బావా," అన్నాడు కృష్ణంరాజు ఆయనతో, "వాల్వు సంగతి తర్వాత మాటాడుకుందాం. ముందు ఈ డబ్బా సంగతి. ఇది గోడకి పెట్టుకుంటే ఇంటి గుట్టు ఏటి మిగుల్తాది? పొద్దున్నుంచి మా ఆవిడ మోటారు స్విచ్చి వైపే చూస్తంది."

"సౌండ్ మాత్రం సూపర్ అండీ," అంది గౌరీశ్వరి. "గుసగుస కూడా వినబడింది."

గురునాథరావు కోడలి దగ్గరికి వంగాడు. "అదే ట్రయలు అనీసెయ్యమ్మా. కావాలనే పంపేవని సెప్పు. ఒప్పుకుంతారు. ఉజ్జోగం నిలబడతాది."

మంచి సలహా. ఒక్క నిమిషంలో అంతా సర్దుకునేది. నీలిమ అత్తగారి వైపు చూసింది. నారాయణమ్మ బల్ల మీది ఖాళీ గిన్నెను ఒకసారి తిప్పి మళ్ళీ అక్కడే పెట్టింది.

"కావాలని పంపలేదండీ," అంది నీలిమ. "ఎవరికీ వెళ్ళొద్దని పంపాను. అందరికీ వెళ్ళింది. లోపం మాదే. అది సరిచెయ్యకుండా ఎవరి గోడకీ పెట్టకూడదు. మీరు వద్దంటే డబ్బాలు ఇవాళే తీయించేస్తాను. కాస్త ఆగుతానంటే మీ ముందే సరిచేస్తాను."

కృష్ణంరాజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నీలిమ టైపు చెయ్యడం మొదలుపెట్టింది. 'ఎవరికీ కాదు' అన్నదానికి ఇంకో అంకె ఇవ్వలేదు. దానికి అంకే లేకుండా చేసింది. వేరే చోటు, ఖాళీ చోటు. అక్కడికి మాట వస్తే గడప దగ్గరే ఆగిపోతుంది. సరిచేసింది నిజానికి రెండు మూడు వరసలే. చదివి చూసుకోవడానికే ఎక్కువసేపు పట్టింది. ఎవరూ లేచి వెళ్ళలేదు.

"అయింది," అని మైకు ఆన్ చేసింది. "ఎవరైనా మాట్లాడండి. బయటికి పోకూడదు."

"పోలేదని ఎలగ తెలుస్తాది?" అన్నాడు కృష్ణంరాజు. "అందరం ఇక్కడే ఉన్నాం."

నారాయణమ్మ లేచింది. చీర సర్దుకుని మైకు ముందు నిలబడి, వీధిలో పిలిచినంత గట్టిగా అంది:

"చిట్టమ్మ అమ్మినవి ఐసు సేపలే! ఇవాళ్టివీ ఐసువే!"

అందరూ తలుపు వైపు చూశారు. చిట్టమ్మ ఇంకా పైన సూర్యకళ హాల్లోనే, డబ్బాకి ఎదురుగా కూర్చుని ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. గురునాథరావు తలుపు తీసి తొంగి చూశాడు. పైనుంచి చేప పొలుసు గీకుతున్న శబ్దం, మధ్యలో చిట్టమ్మ కూనిరాగం.

"పాస్," అన్నాడు కృష్ణంరాజు.

'అందరికీ' అన్నది కూడా పరీక్షించాలి కాబట్టి ఆ ముక్క ఆయనే మాట్లాడాడు. రేపటినుంచి రెండు ట్యాంకుల వాల్వులూ ఒకేసారి తిప్పబడతాయని ప్రకటించాడు. ఆ మాట అన్ని అంతస్తుల్లోనూ మోగింది. అది విని చిట్టమ్మ దిగొచ్చి, ఈ అపార్ట్‌మెంటులో అందరూ దారిలో పడుతున్నారు కనుక పొద్దుటి మాటలు తానూ మరిచిపోతానంది. నారాయణమ్మ ఆ తేటకళ్ళ వంజరమే తీసుకుంది. ముక్కలు కోయిస్తూ ఆమె ముఖం వైపు మాత్రం చూడలేకపోయింది.

షిఫ్టు దిగి మధ్యాహ్నం గుణశేఖర్ వచ్చాక అందరూ భోజనానికి కూర్చున్నారు. నీలిమ డబ్బా వైరు పీకేసి, మైకు సంచిలో పెట్టేసింది. మేనేజరు ఫోన్లో, "సోమవారంనుంచి ఆఫీసుకే వచ్చెయ్యండి," అన్న మాట ఇంకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చేపల పులుసు బాగా కుదిరింది. నారాయణమ్మ అన్నం కలుపుతూ, అటూ ఇటూ చూడకుండా చెప్పింది.

"ఒక సంగతి. రేపట్నుంచి ఈ ఇంట్లో రెండు పోపుల పెట్టెలు. నాది నాదే, మధ్య గిన్నె ఖాళీ. రెండోది నీలిమది. వాము పోసుకుంతాదో, ఏటి పోసుకుంతాదో దాని ఇష్టం. నీలిమ ఆపీసుకెళ్ళిన రోజు దాని పెట్టె మూత తీసేది నువ్వు."

ఆవిడ వేలు కొడుకు వైపు ఉంది.

"నేనా?" అన్నాడు గుణశేఖర్. "నాకు పోపు పెట్టడం రాదమ్మా."

"మీ నాన్న నేర్పుతారు. సాయంత్రం వాకింగు మానీసినారు కదా, ఖాళీయే."

గురునాథరావు ముద్ద నోటి దగ్గర ఆపి, మళ్ళీ పెట్టుకున్నాడు. నీలిమ తలొంచుకుని చేపముల్లు చాలా శ్రద్ధగా తీసింది. అయినా ఆమె కళ్ళు చెమ్మగిల్లడం అత్తగారు చూసింది. చూసి, ఆమె కంచంలో ఇంకో ముక్క వేసింది.

"వీడికి నామోషీ," అంది నారాయణమ్మ అందరితో. "ఈ మాట ఎవలికీ సెప్పకండి."

స్పీకరు వైరు పీకేసే ఉంది, మైకు సంచిలోనే ఉంది. అయినా గుణశేఖర్ చెయ్యి కడుక్కుని మెట్ల మీదికి వచ్చేసరికి, అతని మొదటి పోపు ఏ కూరకని కృష్ణంరాజు అడిగాడు.